నిజమైన విశ్వాసమైతే ఇంత కష్టం ఎందుకు అనిపిస్తుంది? కాజీపేట నుంచి ఒక జవాబు

తమ్ముడూ, నీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. బాప్తిస్మం తీసుకుని ఏడాది దాటింది. మొదట్లో మోకరిస్తే చాలు కళ్లనీళ్లు వచ్చేవి. ఇప్పుడు ప్రార్థనకు కూర్చోవాలంటే నిన్ను నువ్వే లాక్కొచ్చి కూర్చోబెట్టుకోవాల్సి వస్తోంది. బైబిలు తెరిస్తే నిద్ర. హనుమకొండలో రూమ్ తీసుకుని గ్రూప్స్‌కి చదువుతున్నావు, శనివారం వస్తే ఊరికెళ్లి ఒంట్లో బాగాలేని అమ్మను చూసుకోవాలి. ఇంతలో నీ రూమ్మేట్ "నిజమైన విశ్వాసమైతే ఇంత ప్రయాస ఉండదురా, నీకు అది పడలేదంతే" అన్నాడు. రక్షణ ఉచితమని చెప్తూనే ఈ కష్టమంతా ఎందుకని అడుగుతున్నావు.

నేను పాస్టర్‌ని కాను. కాజీపేటలో గూడ్స్ బండ్లు నడిపే లోకో పైలట్‌ని. పుట్టింది సంఘంలోనే, పెరిగింది సండే స్కూల్లోనే. కాబట్టి వేదాంతం తక్కువ, అనుభవం ఎక్కువ ఉంటుంది ఈ జవాబులో.

ముందు మీ రూమ్మేట్ మాట సంగతి. ఇష్టమైన పని కష్టం అనిపించదంటారు. వినడానికి బాగానే ఉంటుంది. మరి నువ్వు ప్రతి శనివారం బస్సులో నిలబడి ఊరికి పోతున్నావు కదా, అది కష్టంగా లేదా? ఉంది, నువ్వే రాశావు. పరీక్ష దగ్గర పడుతుంటే టెన్షన్ కూడా అన్నావు. అంతమాత్రాన అమ్మ మీద ప్రేమ లేదని ఎవరైనా అంటే ఒప్పుకుంటావా? అక్కడ చెల్లని లెక్క ప్రార్థన దగ్గర మాత్రం ఎట్లా చెల్లుతుంది? కష్టం అనిపించడం, ఇష్టం లేకపోవడం రెండూ ఒకటి కావు. ఈ రెండింటినీ కలిపేసి ఎంతమంది మంచి పనులు మధ్యలో వదిలేస్తారో!

మా ఉద్యోగంలో రోడ్ లెర్నింగ్ అని ఒకటుంది. ఎల్.ఆర్. అంటాం. బండి నడపడం వచ్చినంత మాత్రాన ఏ లైన్ మీద పడితే ఆ లైన్ మీదికి పంపరు. కాజీపేట నుంచి బల్లార్షా వైపు బండి ఇవ్వాలంటే ముందు ఆ సెక్షన్‌లో ఇంకో పైలట్ ఉన్న ఇంజన్‌లో కూర్చుని తిరగాలి. పగలు ఒకలా ఉంటుంది, రాత్రి ఇంకోలా ఉంటుంది, రెండూ చూడాలి. ఏ స్టేషన్ సిగ్నల్ ఏ వంపు దాటాక కనబడుతుంది, ఎత్తు ఎక్కడ మొదలవుతుంది, పైన కరెంటు లేని న్యూట్రల్ సెక్షన్ ఎక్కడొస్తుంది, నిండా బొగ్గుతో ఉన్న బండికి ఎంత ముందు నుంచి బ్రేక్ వేయాలి, ఇవన్నీ కంటికీ చేతికీ పట్టాలి. అప్పుడు ఈ రోడ్డు నాకు తెలుసని సంతకం పెడతాం.

అసలు సంగతి ఆ తర్వాత ఉంది. మూడు నెలలకు మించి ఆ సెక్షన్‌లో బండి నడపకపోతే మళ్లీ ఎల్.ఆర్. ట్రిప్పు చేయాల్సిందే. ఎంత సీనియర్ అయినా సరే. ఉద్యోగం పోదు, హోదా పోదు, నువ్వు పైలట్ కాదని ఎవరూ అనరు. రోడ్డు మాత్రం మళ్లీ తిరిగి చూసి రావాలి. మేం డ్యూటీ ఎక్కే, దిగే చోటైన లాబీలో దీన్ని ఎవరూ నామోషీగా అనుకోరు. సెలవులో ఉండి వచ్చిన పెద్దాయన కూడా తనకంటే చిన్నవాడి ఇంజన్‌లో కూర్చుని కిటికీలోంచి చూస్తూ పోతాడు.

నీ సంగతి కూడా ఇంతే అని నా అభిప్రాయం. నీ బాప్తిస్మం ఎక్కడికీ పోలేదు. దేవుడి దగ్గర నీ స్థానం నీ మూడ్‌ని బట్టి మారదు. రోడ్డు మీద తిరుగుతూ ఉండకపోతే మాత్రం రోడ్డు మర్చిపోతాం. ఇంకో మాట, సిగ్నల్ కనబడగానే నేనూ నా అసిస్టెంటూ దాని రంగు ఒకరికొకరం పైకి చెప్పుకుంటాం, రూల్ అది. ఏళ్ల తరబడి చూస్తున్న సిగ్నలైనా సరే, ఇంట్లో గొడవపడి వచ్చిన రోజైనా సరే. ఆ పచ్చలైటు చూసి ఆనందం పొంగి పొర్లాలని ఎవరూ ఆశించరు.

వాక్యం మాటకొస్తే, ఎఫెసీ పత్రిక రెండో అధ్యాయంలో ఎనిమిది, తొమ్మిది వచనాలు మనలో చాలామందికి నోటికి వచ్చు. కృపచేతనే రక్షణ, క్రియలవల్ల కాదు. పదో వచనం మాత్రం అడిగితే తడుముకుంటారు. సత్క్రియలు చేయడానికే మనం సృష్టించబడ్డామని అక్కడుంది. ఫిలిప్పీ పత్రికలోనూ అంతే. 2:12లో మీ సొంత రక్షణను భయంతో, వణుకుతో కొనసాగించుకోండి అంటాడు పౌలు. ఆ వెంటనే 13లో, మీలో ఆ పని చేస్తున్నది దేవుడే అంటాడు. రెండూ పక్కపక్కనే పెట్టాడాయన. సండే స్కూల్లో రంగు కార్డుల మీద ఒక్కో వచనం విడిగా రాసి కంఠస్థం చేయించడం వల్ల మనకు ఈ తికమక వచ్చిందేమో అని నాకెప్పటినుంచో అనుమానం. గోపురం కట్టాలనుకున్నవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకోడా అని లూకా 14లో యేసే అడిగాడు. వెంట వస్తే సులువుగా ఉంటుందని ఆయన ఎవరికీ మాట ఇవ్వలేదు.

ఇక మా ఇంటి సంగతి. మా ఇంట్లో కుటుంబ ప్రార్థనకు టైమ్ పెట్టుకోవడం కుదిరే పని కాదు. డ్యూటీ కాల్ రాత్రి పదకొండింటికి రావచ్చు, తెల్లవారుజామున మూడింటికి రావచ్చు. పెళ్లయిన కొత్తలో "ఇద్దరం తీరిగ్గా ఉన్నప్పుడు చేద్దాం" అనుకునేవాళ్లం. రైల్వే ఇంట్లో తీరిక ఎక్కడిది? చివరికి మా ఆవిడ గడియారం సంగతి వదిలేసి ఒక పద్ధతి పెట్టింది. నేను ఇంటికొచ్చి స్నానం చేశాక, కంచంలో అన్నం పెట్టకముందు. అది మధ్యాహ్నం రెండైనా సరే, రాత్రి ఒంటిగంటైనా సరే. ఒక కీర్తన, ఒక పాటలో చరణం, రెండు మాటల ప్రార్థన. అన్నానికి ముందు పెట్టడంలోనే ఉంది ఆమె తెలివంతా. తిన్నాక నేను ఇక మనిషిని కాను.

కీర్తనల గ్రంథం వరసగా చదువుకుంటూ 119 దగ్గరికొచ్చాం. 176 వచనాలు. బైబిల్లో దాన్ని మించిన పొడుగు అధ్యాయం లేదు. హీబ్రూ అక్షరాలు 22, ఒక్కో అక్షరానికి ఎనిమిదేసి వచనాలు. తెలుగు బైబిల్లో కూడా పైన ఆలెఫ్, బేత్ అని ఆ అక్షరాల పేర్లు ఉంటాయి. మా పాప అప్పుడు మూడో తరగతి. "ఈ ఆలెఫ్ ఎవరు నాన్నా, ఒక్కసారి వచ్చి మళ్లీ కనబడట్లేదు?" అంది. రోజుకు ఎనిమిది వచనాలు తనే చదివేది, వేలు పెట్టి కూడబలుక్కుంటూ. శాసనములు, కట్టడలు, ఉపదేశములు, న్యాయవిధులు, మళ్లీ శాసనములు. తడి తువ్వాలు భుజం మీద ఉండగానే నేను గోడకు ఆనుకుని తూగేవాణ్ణి. మా ఆవిడ ఏమీ అనేది కాదు. "నాన్నకు వినబడలేదంట, ఆ వచనం మళ్లీ చదువు బిడ్డా" అనేది. పాప గొంతు పెంచి మళ్లీ చదివేది. ఆ అధ్యాయం అయిపోయేదాకా నాకు ఒక్క రోజు కూడా ఒళ్లు పులకరించలేదు. పప్పుచారు వాసన మాత్రం బాగా గుర్తుంది.

ఆ తర్వాత ఎప్పుడో ఒక రాత్రి బల్లార్షాలో డ్యూటీ దిగి, మేం పడుకునే రన్నింగ్ రూమ్‌లో ఫోన్ ఆన్ చేస్తే మా నాన్నకు పక్షవాతం వచ్చిందని మెసేజ్. తిరుగు బండికి ఇంకా చాలా టైముంది. ప్రార్థన చేద్దామంటే సొంతంగా ఒక్క మాట రాలేదు. వచ్చింది పాప రెండుసార్లు చదివిన ముక్క, "నా ప్రాణము మంటిని హత్తుకొనుచున్నది." దాన్నే అనుకుంటూ కూర్చున్నాను. అద్భుతం జరిగిందని చెప్పడానికి ఇది రాయడం లేదు. మా నాన్నకు కుడి చెయ్యి ఇప్పటికీ పూర్తిగా లేవదు. కానీ ఆ రాత్రి నోటికి ఆ మాటైనా దొరికిందంటే, పులకరింత లేని ఆ రోజుల్లో చెవిన పడ్డందువల్లే.

మా అమ్మమ్మది డోర్నకల్ వైపు పల్లె. అప్పట్లో వరంగల్ జిల్లా, ఇప్పుడు మహబూబాబాద్. చాటలో బియ్యం పోసి రాళ్లు ఏరాక, కడిగే ముందు ఒక పిడికెడు తీసి పక్కనున్న ముంతలో వేసేది. పొద్దున వండినా అంతే, రాత్రి వండినా అంతే. ఆదివారం ఆ ముంత గుడికి, అంటే చర్చికి పోయేది. బియ్యం లేక జొన్న గటక వండిన రోజు పిడికెడు జొన్నలు పడేవి. మిరప తోటలో పొద్దంతా వంగి కాయలేరి, చేతులు మండుతుంటే కొబ్బరినూనె రాసుకుంటూ వచ్చిన రోజు కూడా ఆ పిడికెడు తప్పేది కాదు. "దేవునికి బియ్యం ఎందుకే అమ్మమ్మా?" అని అడిగితే, "దేవునికెందుకురా, అయ్యగారి పిల్లలు తినొద్దా?" అంది. అయ్యగారంటే పాస్టరు. ఆమె భక్తిలో భావోద్వేగం పాలు తక్కువే. గుడిలో పాట ఎత్తుకుంటే మాత్రం పక్క వాడకు వినబడేది.

డోర్నకల్ అంటే వి.ఎస్. అజరయ్య గుర్తుకురాక మానడు. తిరునల్వేలి తమిళుడు. అప్పటికే వై.ఎం.సి.ఎ. అనే క్రైస్తవ యువజన సంఘం పని మీద దేశమంతా తిరిగిన మనిషి, పేరున్నవాడు. 1909లో దాదాపు ముప్పై అయిదేళ్ల వయసులో డోర్నకల్‌కు వచ్చాడు. వచ్చాక కొత్తగా తెలుగు నేర్చుకోవాల్సి వచ్చింది. పెద్ద సభల్లో ఇంగ్లీషులో ప్రసంగించినవాడు పల్లెలో కూలీల ముందు తప్పుల తెలుగుతో నిలబడటం ఎట్లా ఉంటుందో ఊహించుకో. 1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆయన్ను బిషప్‌గా అభిషేకించారు. ఇంగ్లండు చర్చి సంప్రదాయమైన ఆంగ్లికన్ సంఘంలో బిషప్ అయిన మొదటి భారతీయుడు. 1945 జనవరి 1న చనిపోయిందీ డోర్నకల్‌లోనే. అక్కడి ఎపిఫనీ కథీడ్రల్‌ను, అంటే బిషప్ పెద్ద చర్చిని, 1939లో ప్రతిష్ఠించారు. గుమ్మటాలూ స్తంభాలూ చూస్తే మన దేశపు హిందూ దేవాలయం, మసీదు పనితనం రెండూ కనబడతాయి. వీలైతే ఒకసారి చూసిరా. అజరయ్య బాప్తిస్మం పొందినవాళ్లతో తలమీద చెయ్యి పెట్టించి, "సువార్తను ప్రకటింపకపోయినయెడల నాకు శ్రమ" అన్న పౌలు మాట చెప్పించేవాడంటారు. చదువురాని కూలీ అయినా సరే, బాప్తిస్మం నాడే పని అప్పగించేవాడన్నమాట.

అయితే కష్టమంతా మంచిదే అని నేననడం లేదు. ఉపవాసాలు లెక్కపెట్టి, కానుక లెక్కపెట్టి నీ విశ్వాసానికి మార్కులు వేసేవాళ్లు దొరుకుతారు. ఉద్యోగం రాకపోతే నీ ప్రార్థన చాల్లేదని తేల్చేస్తారు. అటువంటి చోట ఒక్క ఆదివారం కూడా ఎక్కువ కూర్చోకు. దేవుడి దగ్గర ఏదో కొనుక్కోవడానికి పడే పాటు వేరు, ఆయన ఇచ్చినదాంట్లో బతకడానికి పడే పాటు వేరు. మొదటిది మనిషిని పిండేస్తుంది.

నిద్ర గురించి కూడా చెప్పాలి. అర్ధరాత్రి దాకా స్టడీ హాల్లో ఉండి, నాలుగింటికి ప్రార్థనకు లేస్తున్నానని రాశావు. నిద్ర లేని పైలట్‌కు బండి ఇవ్వరు. ఏలీయా చెట్టు కింద పడుకుని ఇక చాలు, చచ్చిపోతాను అన్నప్పుడు దేవుడు ప్రసంగం చేయలేదు. నిద్రపోనిచ్చాడు, దూతతో రొట్టె, నీళ్లు పంపాడు, మళ్లీ నిద్రపోనిచ్చాడు. మొదటి రాజుల గ్రంథం 19లో చదువు. ఆరున్నరకు లేచినా ప్రార్థన వింటాడు. వారాల తరబడి దేని మీదా ఇష్టం లేకుండా, తిండి సయించకుండా ఉంటే మాత్రం డాక్టర్‌ని కలువు. మందు వేసుకోవడం అవిశ్వాసం కాదు.

నువ్వు ఏం చేయాలని అడిగావు కాబట్టి చెప్తున్నా. గంట ప్రార్థన అనే లక్ష్యం ప్రస్తుతానికి పక్కన పెట్టు. రోజూ ఎట్లాగూ చేసే పని ఒకటి చూసుకుని, దానికి ముందు ప్రార్థనను కట్టెయ్, మా ఆవిడ అన్నానికి ముందు కట్టేసినట్టు. నీకైతే పుస్తకం తెరిచే ముందు కావచ్చు. ఊరికెళ్లినప్పుడు అమ్మ పక్కన కూర్చుని పైకి చదువు. ఆమె విశ్వాసి కాకపోయినా కొడుకు గొంతు వింటుంది కదా. ఆదివారం హనుమకొండ దాకా రాలేకపోతే అక్కడి ఊరి గుడికే వెళ్లు, మైకు సరిగా లేకపోయినా, పాట శ్రుతి తప్పినా. సంఘంలో ఒక పెద్దాయనకు "ఈ వారం చదివావా అని నన్ను అడగండి అయ్యా" అని చెప్పి పెట్టుకో. అడిగే మనిషి ఉంటే ఆ తేడా నీకే తెలుస్తుంది.

కీర్తనలతో మొదలుపెట్టు, కానీ 119 జోలికి ఇప్పుడే పోకు. అసలే టైమ్ లేని రోజున 117 చదువుకో. రెండే వచనాలు.