‘రీబౌండ్ పెంచు’ అంటే ఎటు తిప్పాలి?

సందేహం: మాది విజయనగరం. మా షెడ్డులో మోటోక్రాస్ బైకులు సెట్ చేస్తాం. ఏ ట్రాక్‌కి ఏ మార్పు చేయాలో తెలుగులో రాసి గోడకు అంటించాం. ‘రీబౌండ్ పెంచాలి’ అన్నది చదివి ఒక కుర్రాడు స్క్రూ బిగిస్తున్నాడు, ఇంకొకడు వదులు చేస్తున్నాడు. ఎవరు సరి? సాగ్ (బరువుకు బండి దిగడం), రీబౌండ్ లాంటివాటికి తెలుగు మాటలు పెడితే ఈ తికమక పోతుందా?

సమాధానం: ఇద్దరూ సరిగానే చదివారు, తప్పు వాక్యానిది. రీబౌండ్ అంటే అణిగిన స్ప్రింగు మళ్లీ పైకి లేవడం. షెడ్డుల్లో అదే మాటను, ఆ లేవడాన్ని ఆపిపట్టే నూనె నిరోధానికీ వాడతారు. మొదటి అర్థంలో పెంచితే చక్రం వేగంగా లేవాలి, రెండో అర్థంలో నెమ్మదించాలి. దీనికి క్లిక్కుల లెక్క, అంటే స్క్రూ తిప్పుతుంటే టక్కుమనే మెట్ల లెక్క తోడవుతుంది. స్క్రూను మెల్లగా ఆగేదాకా లోపలికి తిప్పి, అక్కణ్ణుంచి బయటికి లెక్కపెడతారు కదా. స్క్రూ బయటికి వచ్చేకొద్దీ నిరోధం తగ్గుతుంది కాబట్టి, ‘12 నుంచి 14కి పెంచాం’ అంటే అంకె పెరిగింది, నిరోధం తగ్గింది!

అందుకని పెంచు, తగ్గించు అన్న మాటలే కాగితంలో ఉండకూడదు. చెయ్యి చేసే పని ముందు, బండిలో వచ్చే మార్పు తర్వాత రాయండి (షాక్ అంటే వెనక చక్రం కుదుపును ఆపే స్ప్రింగు, నూనె గొట్టం): ‘షాక్ రీబౌండ్ స్క్రూ 2 క్లిక్కులు లోపలికి తిప్పు. వెనక చక్రం నెమ్మదిగా లేస్తుంది.’ ఇక్కడ ‘బిగించు’ కూడా వద్దు. ఆ మాట చదివితే చెయ్యి బిర్రుగా అయ్యేదాకా ఆగదు. స్క్రూ ఆగిన చోట ఇంకా బలం పెడితే లోపలి సూది, అది కూర్చునే గూడు దెబ్బతింటాయి.

రైడరు చెప్పేది కూడా ఇలాగే రాసుకోవాలి. ‘రీబౌండ్ ఎక్కువైంది’ అంటే ఏమీ తెలియదు. ‘గుంత దాటగానే వెనక తన్నుతోంది’ అంటే చక్రం మరీ వేగంగా లేస్తోంది, స్క్రూ లోపలికి వెళ్లాలి. ‘వరస గతుకుల్లో వెనక దిగిపోతోంది, పోనుపోను బండలా గట్టిపడుతోంది’ అంటే ఒక దెబ్బ నుంచి లేచేలోగా ఇంకో దెబ్బ పడుతోంది, స్క్రూ బయటికి రావాలి. ఏదైనా ఒకసారికి రెండు క్లిక్కులే, మళ్లీ ఒక రౌండు తిరిగి చూడాలి. ఇంత సూటి క్రియలు నోట్లో ఉండగా రీబౌండ్‌కు సంస్కృత సమాసం కట్టనక్కర్లేదు. జనం మాటే రాతకు చాలునని పోరాడిన గిడుగు రామమూర్తి పుట్టింది మన పక్కనే, శ్రీకాకుళం దగ్గరి పర్వతాలపేటలో.

సాగ్ సంగతి వేరు, దానికి మాత్రం తెలుగు మాటే పెట్టమంటాను. గోడమీద ‘సాగ్’ అని చూసినవాడికి ‘సాగడం’ తడుతుంది, జరిగేది అందుకు వ్యతిరేకం. మనకు ‘కుంగు’ ఉంది: బరువుకు బండి ఎంత దిగిందో అది ‘కుంగుడు’. గతుకు తగిలినప్పటి కదలికకు ‘అణగడం’ వాడి, రెంటినీ కలపకండి. స్టాండు మీద చక్రం వేలాడుతుండగా వెనక ఇరుసు నుంచి నిట్టనిలువుగా మడ్‌గార్డు మీద ఒక గుర్తు దాకా కొలవాలి. తర్వాత నేలమీద ఉట్టి బండిని, ఆపైన రైడరు హెల్మెట్, బూట్లతో సహా అన్నీ వేసుకుని కూర్చున్నాక మళ్లీ కొలవాలి. మొదటి కొలతలోంచి తీసేస్తే వచ్చేదే కుంగుడు. వెనక చక్రం పైకీ కిందికీ కదిలే దూరం 300 మి.మీ. వరకు ఉండే పెద్ద బైకుకు మనిషితో 100–105, ఉట్టి బండికి 30–40 మి.మీ. మామూలు. అందుకే ‘కుంగుడు 103’ అని వదిలేయకుండా ‘మనిషితో’ అని చేర్చాలి.

‘స్ప్రింగు గట్టి చేశాం’ అన్నది వ్యాకరణం ప్రకారం ఒప్పే, విషయం ప్రకారం తప్పు. స్ప్రింగును నొక్కిపట్టే రింగు తిప్పితే బండి ఎత్తు మారుతుంది కానీ స్ప్రింగు గట్టిదనం మారదు. మనిషితో 103 వచ్చి, ఉట్టి బండి 20 మాత్రమే కుంగితే, ఆ స్ప్రింగు అతని బరువుకు మెత్తన. రింగు అతిగా తిప్పి నెట్టుకొస్తున్నారు. అప్పుడు రాయాల్సింది ‘గట్టి స్ప్రింగు వెయ్యి’ అని.

‘ఫోర్కు 5 మి.మీ. పైకి’ అన్నదీ ఇలాంటిదే. ముందు చక్రాన్ని మోసే ఫోర్కు గొట్టాలను, వాటిని పట్టి ఉంచే క్లాంపుల్లో పైకి జరిపితే బండి ముందుభాగం కిందికి దిగుతుంది. మలుపు చురుగ్గా తీసుకుంటుంది, వేగంలో నిలకడ తగ్గుతుంది. భోగాపురం వైపు ఇసుకకు కావలసింది ఎదురు పని కాబట్టి ఇలా రాయండి: ‘గొట్టాలు 3 మి.మీ. కిందికి జరుపు. ముందు చక్రం ఇసుకలో దిగబడదు.’