ఆక్సిజన్ అలవాటవుతుందన్న భయం వద్దు, తెమడ పేరుకోకుండా చూడండి

ప్రశ్న: మాది తాడిపత్రి. మా ఆయన బండల పాలిష్ ఫ్యాక్టరీలో పనిచేస్తారు. మా బాబుకు తొమ్మిదేళ్లు. రెండేళ్ల వయసు నుంచి దగ్గు, తెమడ. ఎంత తిన్నా ఒళ్లు చేయడు. టీబీ అని రెండుసార్లు మందులు వాడించారు, తగ్గలేదు. పోయిన నెల జ్వరం, దగ్గు ఎక్కువై, ఊపిరాడక మగతలోకి వెళ్లిపోతే ఐసీయూలో చేర్చాం. మాస్క్ మెషిన్ మీద పెట్టాక తేరుకున్నాడు. తర్వాత వేలూరులో చెమట పరీక్ష చేసి సిస్టిక్ ఫైబ్రోసిస్ అన్నారు. మళ్లీ అలా అవుతుందా? ఇంట్లో ఆక్సిజన్ పెడితే అదే అలవాటైపోతుందంటున్నారు, నిజమేనా? మాది మేనరికం. ఆరు నెలల పాప కూడా ఉంది. తనకూ వస్తుందేమోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు: అమ్మా, ముందు ఆక్సిజన్ సంగతి చెప్తాను. అది అలవాటయ్యేది కాదు. రక్తంలో తగ్గినప్పుడు ఇస్తాం, కోలుకున్నాక తీసేస్తాం. ఈ అపోహతో ఆసుపత్రికి ఆలస్యంగా వచ్చేవాళ్లను చూస్తే నాకు చాలా బాధేస్తుంది. కాకపోతే ఇంట్లో సిలిండర్ ఉంటే ఫ్లో మీ అంతట మీరు పెంచకండి. ఊపిరితిత్తులు బాగా దెబ్బతిన్న కొందరిలో ఆక్సిజన్ అవసరానికి మించితే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పేరుకుంటుంది. అలాంటివారికి వేలికి పెట్టి రక్తంలో ఆక్సిజన్ చూసే పల్స్ ఆక్సీమీటర్‌లో 88 నుంచి 92 శాతం మధ్య ఉంటే చాలంటాం. మీ బాబుకు ఎంత ఉండాలో డాక్టర్‌తో కాగితం మీద రాయించుకోండి.

పోయిన నెల జరిగింది ఇదీ. ఈ జబ్బులో సీఎఫ్‌టీఆర్ అనే జన్యువు సరిగా పనిచేయదు. దాంతో శ్వాసనాళాల లోపలి పొరలో ఉప్పు, నీరు అటూ ఇటూ సరిగా కదలవు. తెమడ జిగురులా చిక్కబడి అక్కడే అంటుకుపోతుంది. అందులో సూడోమొనాస్, స్టెఫైలోకాకస్ వంటి బ్యాక్టీరియా తిష్ట వేస్తుంది. ఇన్ఫెక్షన్ ఎక్కువైనప్పుడు నాళాలు మూసుకుపోయి రక్తంలో ఆక్సిజన్ పడిపోతుంది. ధమని రక్తం తీసి చూస్తే ఆక్సిజన్ ఒత్తిడి 60 మిల్లీమీటర్ల కన్నా తగ్గిపోయి ఉంటుంది (ఇది ఆక్సీమీటర్ శాతం కాదు). దీన్నే శ్వాస వైఫల్యం అంటాం. ఊపిరి కండరాలు అలసిపోతే కార్బన్ డయాక్సైడ్ కూడా బయటికి పోదు. బాబు మగతలోకి జారుకోవడానికి కారణం చాలావరకు అదే అయి ఉంటుంది. ఆ మాస్క్ మెషిన్ గాలిని ఒత్తిడితో లోపలికి పంపి ఆ కండరాలకు విశ్రాంతినిచ్చింది.

మళ్లీ అవుతుందా అని అడిగారు. అయ్యే అవకాశం ఉంది, దాచను. కానీ ఈ పిల్లల్లో శ్వాస వైఫల్యం ఉన్నట్టుండి రావడం అరుదు. చాలాసార్లు కొన్ని రోజుల ముందే జాడలు కనిపిస్తాయి. దగ్గు మామూలు కన్నా ఎక్కువవుతుంది. తెమడ రంగు మారుతుంది, ఎక్కువగా వస్తుంది. ఆకలి మందగిస్తుంది, బరువు తగ్గుతుంది, ఆటలో ముందే కూలబడతాడు. జ్వరం ఉండి తీరాలని లేదు. ఇలా రెండు మూడు రోజులు కనిపిస్తే చాలు, అప్పుడే డాక్టర్‌ను కలిసి ఏ క్రిమి ఉందో తెలుసుకునేందుకు తెమడ కల్చర్‌కు ఇచ్చి యాంటీబయాటిక్ మొదలుపెట్టించాలి. దగ్గు ఆపే సిరప్‌లు మాత్రం పట్టకండి. ఈ బిడ్డకు దగ్గే రక్షణ.

అందుకే ఈ జబ్బులో అసలు వైద్యం రోజూ ఇంట్లో చేసేదే. ఉదయం, సాయంత్రం, కడుపు ఖాళీగా ఉన్నప్పుడు తెమడ తీయించాలి. ముందు శ్వాసనాళాలను వదులు చేసే సాల్బుటమాల్ పఫ్. పదిహేను నిమిషాలయ్యాక 3 లేదా 7 శాతం ఉప్పు నీటి నెబ్యులైజర్. తర్వాత ఫిజియోథెరపిస్ట్ నేర్పిన పద్ధతిలో పక్కకు పడుకోబెట్టి, అరచేయి దొప్పలా చేసి వీపు మీద, డొక్కల మీద తట్టడం. ఆపైన దీర్ఘంగా ఊపిరి తీయించి, నోరు తెరిచి ‘హా’ అని బలంగా వదలమనాలి. తెమడ పైకి వచ్చాక దగ్గి ఉమ్మేయాలి, మింగకూడదు. పీల్చే యాంటీబయాటిక్ రాసి ఉంటే అది చివర్లో, నాళాలు శుభ్రపడ్డాక. పిల్లాడు బాగున్న రోజు కూడా మానకండి. చాలా ఇళ్లలో ఇక్కడే చేయి జారుతుంది. పరుగు, సైకిల్ ఆపకండి, అవీ తెమడను కదిలిస్తాయి.

మీ ఆయన డ్యూటీ నుంచి రాగానే స్నానం చేసి, బట్టలు విడిగా వేసి, ఆ తర్వాతే బాబును దగ్గరికి తీసుకోవాలి. బండల పొడి, కట్టెల పొయ్యి పొగ, బీడీ పొగ ఏదీ ఆ ఊపిరితిత్తులకు తగలకూడదు.

నిమిషం కూడా ఆగకుండా 108కి ఫోన్ చేయాల్సిన లక్షణాలు కొన్ని ఉన్నాయి. డొక్కలు ఎగరేస్తూ, ముక్కుపుటాలు అదురుతూ ఊపిరి తీయడం, ఒక్కో మాటకూ ఆయాసపడటం, పెదాలు నీలంగా మారడం, ఆక్సీమీటర్ 90 కన్నా (డాక్టర్ అంతకన్నా తక్కువ అంకె రాసి ఇచ్చి ఉంటే దానికన్నా) తగ్గడం లేదా అతని మామూలు అంకె కన్నా బాగా పడిపోవడం. పొద్దున లేవగానే తలనొప్పి, పిలిస్తే సరిగా పలకకపోవడం ఇంకా ప్రమాదకరం. ఉన్నట్టుండి ఛాతీలో ఒక పక్క నొప్పి, ఆయాసం వస్తే ఊపిరితిత్తి చిట్లి గాలి బయటికి చేరి ఉండొచ్చు. దగ్గులో చెంచాకు మించి రక్తం పడినా ఆసుపత్రికే వెళ్లాలి. ఈ రెండు సందర్భాల్లోనూ వీపు తట్టడం, ఉప్పు నీటి నెబ్యులైజర్ ఆపేయండి. ఒక్కమాట, గోళ్ల రంగు ఉన్నా, వేలు చల్లగా ఉన్నా ఆక్సీమీటర్ తప్పు చూపిస్తుంది. వేలు రుద్ది మళ్లీ చూడండి. అంకె బాగానే ఉన్నా పిల్లాడు ఆయాసపడుతుంటే పిల్లాణ్నే నమ్మండి.

మీకు అనంతపురం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి గానీ, కడప రిమ్స్ గానీ చేరడానికి గంటకు పైగా పడుతుంది. రాత్రి డ్యూటీలో ఉన్న డాక్టర్ ఈ జబ్బు పిల్లల్ని ఎక్కువగా చూసి ఉండకపోవచ్చు. అందుకే ఒక పేజీ కాగితం రాయించి ప్లాస్టిక్ కవర్‌లో ఉంచుకోండి. జబ్బు పేరు, బాబు బరువు, మామూలుగా ఉండే ఆక్సిజన్ శాతం, చివరి కల్చర్‌లో దొరికిన క్రిమి, దానికి పనిచేసే యాంటీబయాటిక్, పోయినసారి మాస్క్ మెషిన్ పెట్టిన సంగతి, వేలూరు డాక్టర్ ఫోన్ నంబర్ అందులో ఉండాలి. అది చేతిలో ఉంటే చికిత్స త్వరగా మొదలవుతుంది.

మన ఎండలకు ఈ పిల్లల విషయంలో ఇంకో గండం ఉంది. వీళ్ల చెమటలో ఉప్పు చాలా ఎక్కువగా పోతుంది. చెమట పరీక్షలో క్లోరైడ్ 60 లేదా ఆపైన ఉంటే ఈ జబ్బు అని చెప్పేది అందుకే. ముద్దు పెట్టుకుంటే ఉప్పగా తగలడం మీరూ గమనించే ఉంటారు. ఏప్రిల్, మే నెలల్లో బాబు నీరసపడి, వాంతులై, కాళ్లు పట్టేస్తున్నాయంటే ఒంట్లో ఉప్పు పడిపోయిందేమోనని అనుమానించాలి. గ్లూకోజ్ పొడి నీళ్లలో ఉప్పు ఉండదు, కొబ్బరినీళ్లలో చాలా తక్కువ. ఉప్పు వేసిన మజ్జిగ, ఓఆర్‌ఎస్ ఇవ్వండి. రోజుకు అదనంగా ఎంత ఉప్పు కావాలో డాక్టర్ బరువును బట్టి చెప్తారు.

తిన్నది ఒంటికి పట్టకపోవడం, విరేచనం నూనె తేలినట్టు, దుర్వాసనతో రావడం క్లోమం ఎంజైములు పేగుల్లోకి చేరకపోవడం వల్ల. ఎంజైమ్ క్యాప్సూల్ మొదటి ముద్దతోనే వేయాలి. నమలకూడదు, క్యాప్సూల్ లోపలి గింజలను వేడి సంగటిలో గానీ పాలలో గానీ కలపకూడదు. డబ్బాను పొయ్యి దగ్గర పెట్టకండి, వేడికి మందు పాడవుతుంది. క్యాప్సూల్ వేశాక నెయ్యి, గుడ్లు, చెనిక్కాయల చట్నీ, అన్నీ పెట్టండి. కొవ్వు తగ్గించమని ఎవరు చెప్పినా వినకండి. ఏ, డీ, ఈ, కే విటమిన్లు రోజూ కావాలి. ఫ్లూ టీకా ఏటా వేయించండి.

ఈ జన్యు లోపం వల్ల దెబ్బతిన్న ప్రోటీన్ సరిగా పనిచేసేలా చేసే కొత్త రకం మాత్రలు 2012 నుంచి అమెరికాలో వాడుతున్నారు. అవి కొన్ని రకాల జన్యు మార్పులకే పనికొస్తాయి, ధర సామాన్యులకు అందదు. అయినా బాబు జన్యు పరీక్ష రిపోర్ట్ తీసి పెట్టుకోండి.

మేనరికంలో ఒకే లోపం భార్యాభర్తలిద్దరిలో ఉండే అవకాశం పెరుగుతుంది, నిజమే. కానీ జబ్బు రావాలంటే లోపం ఇద్దరి నుంచీ రావాలి. అందువల్ల అత్తింటివాళ్లు మిమ్మల్నొక్కరినే అనడానికి ఏమీ లేదు. మీకు పుట్టే ప్రతి బిడ్డకూ ఈ జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. పాప ఇప్పుడు హుషారుగా ఉన్నా సరే, ఈసారి వేలూరు వెళ్లినప్పుడు వెంట తీసుకెళ్లి చెమట పరీక్ష చేయించండి. ఆరు నెలల బిడ్డకు అది సులువుగా చేయొచ్చు, సూది గుచ్చే పనే లేదు. ఒకవేళ ఉన్నా, ఊపిరితిత్తులు దెబ్బతినకముందే చికిత్స మొదలవుతుంది. మళ్లీ గర్భం అనుకుంటే, మీ ఇద్దరి జన్యు మార్పులు ముందే తెలుసుకుని ఉంటే 11వ వారం తర్వాత బిడ్డకు జబ్బు ఉందో లేదో పరీక్షించవచ్చు.