తల దించుకున్నంత మాత్రాన పిరికిది కాదు

ప్రశ్న: మేడమ్, నేను నైరోబీలో ప్రైమరీ స్కూల్ టీచర్‌ని. నా క్లాసులో ఒక కికుయు తెగ అమ్మాయి ఉంది. రాతపనిలో అందరికంటే ముందుంటుంది, కానీ నోరు విప్పదు. నేను పలకరిస్తే తల దించుకుంటుంది. వాళ్లమ్మని అడిగితే, 'పెద్దల ముందు నోరు చేసుకోవద్దని నేర్పాం, తప్పా?' అంది. ఏం చెప్పాలి?

జవాబు: తప్పు కాదనే చెప్పండమ్మా. ఆఫ్రికా అంతా ఒక్కలా ఉండదు కానీ, చాలా ఇళ్లలో పెద్దల కళ్లలోకి సూటిగా చూడకపోవడం మర్యాద. నైజీరియాలో యోరుబా తెగ ఆడపిల్లలు పెద్దలకు మోకాళ్లు వంచి దండం పెడతారు. అదే ఇంట్లో నాయనమ్మ ఆ పిల్లని 'ఒరికీ' అనే పొగడ్త పాటతో పేరుపేరునా మెచ్చుకుంటుంది. వినయం, ధైర్యం రెండూ ఒకే ఒడిలో పెరుగుతాయి.

భయం సంగతి వేరు. మీరు చెయ్యెత్తితే ఆ పిల్ల ఉలిక్కిపడుతోందా? తోటి పిల్లలతో కూడా మాట్లాడదా? అలాగైతే తల్లితో నెమ్మదిగా దెబ్బల విషయం కదపండి. బళ్లలో కొట్టడాన్ని కెన్యా 2001లోనే నిషేధించింది. దెబ్బలు తినే పిల్ల మాట్లాడే ముందు పెద్దల ముఖం చూసి లెక్కలు వేసుకుంటుంది. ఈ విషయంలో నేను మొహమాటపడను.

భయం లేదనిపిస్తే ఆమె ఇంటి పద్ధతుల్లోనే దారి వెతకండి. కికుయు ఆనవాయితీ ప్రకారం మొదటి ఆడపిల్లకి నాయనమ్మ పేరు, రెండో ఆడపిల్లకి అమ్మమ్మ పేరు పెడతారు. 'నీకు ఎవరి పేరు పెట్టారు? ఆవిడ ఎలాంటి మనిషి?' అని అడిగి తెలుసుకు రమ్మనండి. తన గురించి చెప్పమంటే ముడుచుకునే పిల్లలు నాయనమ్మ గురించి గలగలా చెప్పడం నేను అక్కడ పాఠాలు చెప్పే రోజుల్లో చూశాను.

స్వాహిలీ పొడుపుకథలు కూడా ఆడించండి. పిల్ల 'కిటెండవిలి!' (పొడుపుకథ!) అంటే అందరూ 'టేగా!' (వెయ్యి!) అనాలి. తలుపులేని ఇల్లు ఏది? గుడ్డు. ఎవరూ విప్పలేకపోతే పిల్ల 'నాకో ఊరివ్వండి' అంటుంది. మొంబాసా ఇచ్చాం అన్నాకే జవాబు చెబుతుంది. ఆ కాసేపు పెద్దవాళ్లంతా ఆ పిల్ల నోటి మాట కోసం ఎదురుచూడాల్సిందే, మర్యాదకి ఏ లోటూ రాదు.

తల్లికి ఒక్క పని చెప్పండి. ఇంటికొచ్చిన చుట్టాలు పిల్లని ఏదైనా అడిగితే, ఆవిడ అందుకుని జవాబు చెప్పకుండా పిల్లనే చెప్పనివ్వమనండి, ఎంత ఆలస్యమైనా సరే.