ఏడు చేపల కథ చెప్పేటప్పుడు

చి. సౌ. బుజ్జమ్మకు పెద్దమ్మ ఆశీస్సులు.

చెట్టూ చేమా, నీళ్ళూ నిప్పుల విలువ తెలిసేలా పిల్లాడికి ఏ కథలు చెప్పమంటావని అడిగావు. కొత్త పుస్తకాలేవీ కొనకు. నీకొచ్చిన ఏడు చేపల కథ చాలు. చేపెందుకు ఎండలేదు? గడ్డిమోపు అడ్డమొచ్చింది. ఆవు మెయ్యలేదు, గొల్లవాడు మేపలేదు, అవ్వ బువ్వ పెట్టలేదు, పిల్లాడు ఏడ్చాడు, చీమ కుట్టింది. "నా బంగారు పుట్టలో వేలు పెడితే కుట్టనా?" అనేసరికి పిల్లలకి చక్కిలిగింతలు పెట్టి నవ్వించేస్తాం. పుట్టలో వేలు పెడితే ఎక్కడో ఎండాల్సిన చేప ఎండకుండా పోయిందన్నది ఆ నవ్వుల్లో మనకే తట్టదు.

తట్టినా వాడితో అనకు. ముప్పై ఏళ్ళు బళ్ళో "ఈ కథలో నీతి ఏమిటి?" అని అడిగినదాన్ని. పిల్లలు "చీమల జోలికి పోరాదు" అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాసేవాళ్ళు. గంట కొట్టగానే వెళ్ళి పుట్టలో పుల్ల పెట్టేవాళ్ళు!

నీతి మానేసి ప్రశ్న వాడికే వదిలెయ్యి. పోయిన సంక్రాంతికి మా మనవణ్ణి కాకినాడ దగ్గర సముద్రపొడ్డున ఉన్న ఉప్పాడ తీసుకెళ్ళాం. ఇసకలో చేపలు ఎండబెట్టి ఉన్నాయి. వాడు ముక్కు మూసుకునే ఒక్కోదాన్నీ వేలితో నొక్కి, "ఇది ఎండలేదు, ఇది ఎండింది" అని లెక్కపెట్టాడు. కాస్త ముందుకెళితే బీచ్ రోడ్డు అంచు కోసుకుపోయి కనిపించింది. "సముద్రమా సముద్రమా, రోడ్డెందుకు కోశావు?" అన్నాడు, నేనేమీ నేర్పకుండానే. ఉప్పాడ సంగతి ఒక్క కారణంతో తేలేది కాదు గానీ, గోదావరి మోసుకొచ్చే ఒండ్రు పైన ఆనకట్టల దగ్గర ఆగిపోతే డెల్టా తీరానికి ఇసక తగ్గుతుందని చెప్పాను. "ఆనకట్టా ఆనకట్టా, ఒండ్రెందుకు ఆపావు?" కాకినాడ చేరేదాకా వదల్లేదు. పొలాలకు నీళ్ళివ్వాలి కదా అంటే కాసేపు నోరు మెదపలేదు. ఎవరి న్యాయం వాళ్ళకుంది. ఆ కథలోనూ అంతే కదా, చీమతో సహా.

ఇంకోటి కొంగా పీతా కథ. చెరువు ఎండిపోతోందని కొంగ చెప్పగానే చేపలు ఎందుకు నమ్మాయని అడుగు. వాడు ఏం చెబుతాడో విని, ఒక ఆదివారం మీ దగ్గర్లోని చెరువుగట్టు మీద నడిపించు, చాలు.

ఒక్క జాగ్రత్త. మన కథల్లో పాముకి ఎప్పుడూ చెడ్డపేరే. కాకి గుడ్లు తిన్న పాము కథ చెప్పిన రోజే, జెర్రిపోతుకు విషం ఉండదనీ, పొలంలో ఎలుకల్ని పట్టేది అదేననీ కూడా చెప్పు. లేకపోతే ఏ పాము కనబడినా కర్ర తెమ్మంటాడు. అలాగని ఏ పామునీ ముట్టుకోనివ్వకు, నీ గుండె ఆగిపోతుంది.

మొన్న తులసికోట దగ్గర చీమలమందు చల్లబోతే మావాడు చెయ్యి పట్టుకున్నాడు. "అమ్మమ్మా, అది బంగారు పుట్టేమో చూశావా?" డబ్బా అలాగే గూట్లో పెట్టేశాను. చీమలు మాత్రం పంచదార డబ్బా దాకా వచ్చేశాయి, ఏం చెయ్యాలో ఇంకా తేల్చుకోలేదు.

వేసవి సెలవులకి మీవాణ్ణి పంపు. ఇద్దరినీ మళ్ళీ ఉప్పాడ తీసుకెళతాను.

మీ పెద్దమ్మ