300 ఎంబీపీఎస్ ఉంది, మీటింగ్‌లో గొంతు మాత్రం తెగిపోతోంది

ఊరు మారుతుంది, ప్లాన్ మారుతుంది, పాఠకుల నుంచి నాకొచ్చే ప్రశ్న మాత్రం మారదు. ఈ వారం అంబాజీపేట నుంచి వచ్చింది: "హైదరాబాద్ కంపెనీకి ఇంటి నుంచే పనిచేస్తున్నాను. 100 నుంచి 300 ఎంబీపీఎస్‌కి మారాను. స్పీడ్ టెస్ట్‌లో 280 వస్తోంది. అయినా రాత్రి ఏడున్నరకి క్లయింట్ కాల్‌లో నా గొంతు ముక్కలుగా వినిపిస్తోందంటున్నారు. ఇంకా పెద్ద ప్లాన్ తీసుకోమంటారా?"

తీసుకోకండి. వాళ్ల మాట మీకు చక్కగా వినబడుతూ, మీ మాటే అటు తెగిపోతోందంటే చూడాల్సింది అప్‌లోడ్. ఆమెను రెండే అడిగాను. అప్‌లోడ్ ఎంత వస్తోంది? ఇంట్లో కెమెరాలున్నాయా? అప్‌లోడ్ 20 అట. కెమెరాలు ఎనిమిది. అన్నయ్య టెక్సాస్‌లో ఉంటాడు. అక్కడ పొద్దున్న తొమ్మిదింటికి ఆఫీసులో కూర్చుని, అమ్మానాన్నలు ఏం చేస్తున్నారో చూద్దామని ఎనిమిది కెమెరాలూ హెచ్‌డీలో తెరుస్తాడు. ఒక్కోటి 4 ఎంబీపీఎస్ చొప్పున 32 కావాలి, ఉన్నది 20. మధ్యలో చెల్లెలి గొంతుకు దారేది? యాప్‌లో కెమెరాలను తక్కువ క్వాలిటీ సబ్‌స్ట్రీమ్‌కి మార్చమన్నాను. మార్చాడు. కాల్ కుదుటపడింది.

కరపత్రాల మీద డౌన్‌లోడ్ అంకెను కొబ్బరిబోండమంత అచ్చేస్తారు. అప్‌లోడ్ అంకె వెతికినా ఉండదు. సినిమాలు చూసే ఇంటికి డౌన్‌లోడ్ ఒక్కటీ చాలు. మన పని వేరు. 6 జీబీ కంటైనర్ ఇమేజ్‌ని (సాఫ్ట్‌వేర్ మూటని) రిజిస్ట్రీకి, అంటే కంపెనీ ఆన్‌లైన్ గోదాముకి ఎక్కించాలంటే 10 ఎంబీపీఎస్ అప్‌లోడ్ మీద గంటా ఇరవై నిమిషాలు, 100 మీద ఎనిమిది నిమిషాలు. వీడియో ఎడిట్ చేసి పంపేవాళ్లకూ ఇదే లెక్క. అదే రోజంతా ఎస్ఎస్‌హెచ్, రిమోట్ డెస్క్‌టాప్‌లతో దూరంగా ఉన్న కంప్యూటర్ మీద పనిచేసేవాళ్లకు 10 ఎంబీపీఎస్ కూడా ఎక్కువే, కానీ పింగ్, అంటే అటు పోయిన ప్యాకెట్‌కు జవాబు తిరిగొచ్చే సమయం, నిలకడగా ఉండాలి. కాబట్టి ముందు మీ పని ఏ రకమో చూసుకుని, తర్వాత ప్లాన్ అడగండి. అడిగేటప్పుడు అప్‌లోడ్ ఎంత, కరెంటు పోతే మీ దగ్గర బ్యాకప్ ఎంతసేపు, నెలకు డేటా ఎంత దాటితే స్పీడ్ తగ్గిస్తారు, ఈ మూడూ అడగండి. "ఆయ్, అన్నీ బాగుంటాయండి" అన్న జవాబు వస్తే మళ్లీ అడగండి.

ఫైబర్ అనగానే మీ ఒక్కరి కోసం లాగిన లైను అనుకోవద్దు. జీపాన్ అనే ఫైబర్ పద్ధతిలో ఆపరేటర్ వైపు ఒక పోర్టుకు సుమారు 2.5 గిగాబిట్ల డౌన్‌లోడ్, 1.25 గిగాబిట్ల అప్‌లోడ్ ఉంటాయి. వాటిని 32 ఇళ్లకో 64 ఇళ్లకో పంచుతారు. భోగి నుంచి ముక్కనుమ దాకా వీధి వీధంతా హైదరాబాద్, బెంగళూరు అల్లుళ్లతో నిండినప్పుడు లైను ఎందుకు నీరసిస్తుందో ఈ లెక్కలోనే ఉంది.

ఇంకో పరీక్ష. టెర్మినల్‌లో (కమాండ్ విండోలో) పింగ్ నడుస్తుండగా పెద్ద ఫైలు ఒకటి క్లౌడ్‌కి ఎక్కించండి. 15 మిల్లీసెకన్లుండే పింగ్ 400కి పోయిందా? లైను బాగానే ఉంది, మీ రౌటర్‌కు క్యూ నడపడం రాదు. రేషన్ షాపులో ఒక్కడే పది కార్డులు పట్టుకుని ముందు నిలబడితే, కేజీ పంచదార కోసం వచ్చిన ముసలామె వెనక పడిగాపులు కాసినట్టే మీ వాయిస్ ప్యాకెట్లు కాస్తున్నాయి. ఎస్‌క్యూఎం, అంటే క్యూని సర్దే సదుపాయం ఉన్న రౌటర్‌లో కేక్ గానీ ఎఫ్‌క్యూ-కోడెల్ గానీ అనే పద్ధతి పెట్టి, పరిమితిని అసలు అప్‌లోడ్‌లో 85, 90 శాతం దగ్గర బిగించండి. పెద్ద ప్లాన్‌కి పెట్టే డబ్బు ఈ రౌటర్ మీద పెట్టడమే మేలు.

ఇక పాలకొల్లు మెయిల్. "నేను హైదరాబాద్‌లో ఉంటాను. ఊళ్లో ఇంట్లో ఉన్న డెస్క్‌టాప్‌ని ఇక్కణ్నుంచి వాడాలి. ఆపరేటర్ పబ్లిక్ ఐపీ (బయటి నుంచి నేరుగా చేరగల అడ్రసు) ఇచ్చి, రౌటర్‌లో డీఎంజెడ్ పెట్టాడు. బ్రహ్మాండంగా పనిచేస్తోంది. కానీ ఈమధ్య మెషీన్ స్లో అయింది, ర్యామ్ పెంచనా?"

ఆ "బ్రహ్మాండంగా" దగ్గరే నాకు టెన్షన్ మొదలైంది. ఇంటి రౌటర్‌లో ఒక కంప్యూటర్‌ని డీఎంజెడ్‌లో పెట్టడమంటే బయటి నుంచి వచ్చే ప్రతిదాన్నీ నేరుగా దాని మీదికే వదలడం, ఊరంతా మీ పెరట్లోంచి నడిచే ఏర్పాటు చేయడం. ర్యామ్ సంగతి తర్వాత. ఎవరినైనా ఇంటికి పంపి ముందు ఆ నెట్ కేబుల్ పీకించండి. తర్వాత విండోస్‌లోని ఈవెంట్ వ్యూయర్‌లో సెక్యూరిటీ లాగ్ తెరిచి 4625 నంబరుతో ఫిల్టర్ చేయమనండి. లాగిన్ విఫలమైన ప్రతిసారీ పడే నంబరు అది. నేనొకసారి పరీక్ష కోసం ఖాళీ మెషీన్‌కి రిమోట్ డెస్క్‌టాప్ వాడే 3389 పోర్టు తెరిచి భోజనానికి లేచాను. పెరుగన్నం దాకా వచ్చి, చెయ్యి కడుక్కుని చూస్తే అడ్మినిస్ట్రేటర్, అడ్మిన్, టెస్ట్, యూజర్, స్కానర్ అంటూ ఎవరెవరి పేర్లతోనో తలుపు కొడుతున్నారు. మనుషులెవరూ కూర్చుని చేసే పని కాదిది. ఇంటర్నెట్ అంతా పగలూ రాత్రీ తడుముతూ తిరిగే ప్రోగ్రాములు అవి.

"పాస్‌వర్డ్ గట్టిదే పెట్టాను" అంటారేమో. 2019లో బయటపడిన బ్లూకీప్ లోపానికి పాస్‌వర్డుతో పనే లేదు. అప్‌డేట్ చేయని పాత విండోస్‌లో రిమోట్ డెస్క్‌టాప్ బయటికి తెరిచి ఉంటే చాలు, లోపలికి రావచ్చు. కెమెరాల రికార్డింగ్ పెట్టె డీవీఆర్‌దీ ఇదే కథ. 2016లో మిరాయ్ అన్న మాల్‌వేర్ అరవై చిల్లర డిఫాల్ట్ పేరు-పాస్‌వర్డ్ జతలతోనే లక్షల కెమెరాలను, రౌటర్లను పట్టేసింది. మన దగ్గర బిగించే కుర్రాళ్లు డీవీఆర్‌కి అడ్మిన్ అని, వైఫైకి మీ ఫోన్ నంబరే పాస్‌వర్డ్ అని పెట్టి వెళ్తారు. మీ ఫోన్ నంబరు గుమ్మం పక్కన నేమ్‌ప్లేట్ మీదే ఉంటుంది.

చేయాల్సింది ఇదీ. డీఎంజెడ్, అడక్కుండానే పోర్టులు తెరిచే యూపీఎన్‌పీ, రౌటర్‌ని బయటి నుంచి తెరిచే రిమోట్ మేనేజ్‌మెంట్, మూడూ ఆపండి. వైర్‌గార్డ్ అనే వీపీఎన్ పెట్టుకుని, అది కట్టే రహస్య టన్నెల్ లోంచే డెస్క్‌టాప్‌కి రండి. బయటికి తెరిచేది ఒక్క యూడీపీ పోర్టు, అదీ సరైన కీ లేనివాడికి జవాబివ్వదు. పబ్లిక్ ఐపీ లేనివాళ్లూ దిగులుపడొద్దు. రౌటర్‌లో వ్యాన్ ఐపీ (ఆపరేటర్ ఇచ్చిన అడ్రసు) 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే మీరు సీజీనాట్ వెనక, అంటే చాలా ఇళ్లు పంచుకునే ఒకే పబ్లిక్ ఐపీ వెనక ఉన్నట్టు. అప్పుడు నెలకింత అని ఒక చిన్న సర్వర్ అద్దెకు తీసుకుని, ఇంటి మెషీన్ నుంచే దానికి టన్నెల్ కట్టండి. ఇన్నాళ్లు డీఎంజెడ్‌లో ఉన్న ఆ పాలకొల్లు డెస్క్‌టాప్ మాత్రం ఫార్మాట్ చేయాల్సిందే, బాధగా ఉన్నా. ఆఫీసు లాప్‌టాప్, కెమెరాలు ఒకే నెట్‌వర్క్‌లో ఉంచకండి. కనీసం గెస్ట్ వైఫైలోకైనా కెమెరాలను తోసేయండి.

ఇన్ని చెబుతున్నాను గానీ, ఈమధ్య వస్తున్న రౌటర్లలో ఇవి మార్చడానికి పేజీయే దొరకడం లేదు. ఫోన్‌లో యాప్ వేయాలి, యాప్‌కి అకౌంట్ కావాలి, అకౌంట్‌కి ఓటీపీ రావాలి, ఓటీపీకి నెట్ కావాలి. నెట్ పోయిందనే కదా రౌటర్ తెరుస్తున్నది! ఇంకొన్ని రాత్రిపూట అప్‌డేట్ వేసుకుని, మనం మార్చిన డీఎన్ఎస్‌ని (సైట్ల పేర్లకు అడ్రసు చెప్పే సర్వర్‌ని) మళ్లీ తమకిష్టమైనదానికి తిప్పేస్తాయి. అప్‌డేట్ అంటే జనం భయపడి వాయిదా వేసేది ఇలాంటివాటి వల్లే. పాత గళ్లగళ్ల అడ్మిన్ పేజీ అందంగా లేకపోయినా చెప్పింది చేసేది.

భీమవరం నుంచి ఒకరు: 300 ప్లాన్‌లో వైరు పెట్టినా సరిగ్గా 94 దగ్గరే ఆగుతోందట. రౌటర్ పోర్టు 100 ఎంబీపీఎస్‌ది అయ్యుంటుంది, లేదా కేబుల్‌లో నాలుగు జతలకు రెండే పనిచేస్తున్నాయి. ముందు కేబుల్ మార్చండి.

చివరగా రాజోలు పాఠకుడిది: "గాలి వేస్తే నెట్ పోతోంది, రెండో కనెక్షన్ తీసుకోనా?" ఫోటో కూడా పంపారు. కేబుల్ స్తంభం నుంచి వచ్చి, పెరట్లో కొబ్బరిచెట్టుకు రెండు చుట్లు తిరిగి, ప్లాస్టిక్ తాడుతో బిగించి ఉంది. చెట్టు ఊగినప్పుడల్లా ఫైబర్ నలుగుతుంది. ఓఎన్‌టీ (ఇంట్లో ఫైబర్ వచ్చి కలిసే పెట్టె) పేజీలో ఆర్ఎక్స్ పవర్, అంటే మీ దాకా చేరుతున్న వెలుగు బలం చూడండి. మైనస్ 20 అలా ఉంటే బాగున్నట్టు, మైనస్ 27 దాటి 28, 29 వైపు పోతే ఎర్ర లైటు వెలిగే రోజు దగ్గర్లోనే ఉంది. గాలి వేస్తున్నప్పుడొకసారి, లేనప్పుడొకసారి చూసి రెండు అంకెలూ ఆపరేటర్‌కు పంపండి, వాదన ఉండదు.

రెండో కనెక్షన్ తీసుకుంటే మాత్రం అదే స్తంభం మీద నుంచి వచ్చేది వద్దు, మట్ట పడితే రెండూ ఒకేసారి పోతాయి. సిమ్ బ్యాకప్ మంచిదే. కానీ 2022 మేలో అమలాపురం గొడవల తర్వాత కోనసీమలో మొబైల్ నెట్ రోజుల తరబడి ఆపేసినప్పుడు, లాప్‌టాప్‌లు చంకన పెట్టుకుని గోదావరి గట్లెక్కి అవతలి ఒడ్డు సిగ్నల్ వెతుక్కున్నవాళ్లలో మీ ఊరివాళ్లూ ఉండే ఉంటారు. సిమ్ ఒక్కటే ఉంటే చాలదు, వైరూ ఉండాలి. ఓఎన్‌టీకి ఒక చిన్న 12 వోల్టుల డీసీ యూపీఎస్ కూడా పెట్టండి. దారిలో ఆపరేటర్ కరెంటుతో నడిచే నెట్‌వర్క్ స్విచ్‌లు పెట్టకపోతే, వీధిలో కరెంటు లేకపోయినా ఫైబర్ నడుస్తుంది.

ఇవన్నీ కొనే ముందు ఆ కేబుల్‌ని చెట్టు నుంచి విప్పించండి, దింపువాళ్లు మళ్లీ కత్తి పట్టుకుని చెట్టెక్కేలోపే.