కళ్ళు మూసుకుంటే చీకటేనా?

తమ్ముడూ,

నీ ఉత్తరం, కథ రెండూ అందాయి. "కళ్ళు మూసుకుంటే నాకు ఏ బొమ్మా కనిపించదు, అంతా చీకటే. మరి కళ్ళకు కట్టినట్టు రాయడం ఎలా?" అని అడిగావు. చదివి నవ్వుకున్నాను. నాదీ అదే బాపతు మరి! మా అమ్మని తలచుకుంటే ముఖం రాదు, పెరట్లో అంట్లు తోముతున్న గాజుల చప్పుడు వస్తుంది.

ఇదేం జబ్బు కాదు. ఫ్రాన్సిస్ గాల్టన్ అనే ఇంగ్లండు పెద్దమనిషి పొద్దున టిఫిన్ చేసిన బల్లని గుర్తు తెచ్చుకోమని చాలామందిని అడిగి, 1880లో వ్యాసం రాశాడు. కొందరికి రంగులతో సహా కనిపించిందట. కొందరు శాస్త్రవేత్తలకైతే ఏమీ లేదు, మనసులో బొమ్మ అన్నది ఉత్త మాటవరస అనుకునేవాళ్ళు. 2015లో ఆడమ్ జెమన్ అనే నరాల డాక్టరు దీనికి అఫాంటేసియా అని పేరు పెట్టాడు. యానిమేషన్ సినిమాలు తీసే పిక్సార్‌కి అధ్యక్షుడిగా చేసిన ఎడ్ క్యాట్‌ముల్ కూడా తనకి ఏమీ కనిపించదనే చెప్పాడు. ఇక నీకెందుకు టెన్షన్?

మీ ఇంటికి కిటికీలెన్ని? లెక్కపెట్టు. గది గదికీ వెళ్ళొచ్చావు కదూ? బొమ్మ లేకపోయినా ఇల్లు నీలో ఉంది.

ఇప్పుడు కథ. ఫిషింగ్ హార్బర్‌లో తెల్లవారుజాము అంటూ 'ఎగసిపడే నీలి కెరటాలు' అని రాశావు. హార్బర్ లోపల కెరటాలు ఎక్కడున్నాయయ్యా? బోట్ల మధ్య నీళ్ళు డీజిల్ తెట్టు కట్టి కదలకుండా ఉంటాయి. అది నువ్వు చూసింది కాదు, ఎక్కడో చదివింది. బొమ్మలు బాగా కనిపించేవాళ్ళకీ ఈ గండం ఉంది, క్యాలెండర్ బొమ్మే ముందొచ్చి కూర్చుంటుంది. నేనేం తక్కువ తినలేదులే. నా మొదటి కథలో నాయికని ముక్కుపుడక నుంచి మెట్టెల దాకా పదకొండు లైన్లు వర్ణించాను. తిరుగు టపాలో వచ్చేసింది.

మొన్న హార్బర్‌కి వెళ్ళాను. ఒకావిడ వంజరం చేప మొప్ప బొటనవేలితో ఎత్తి చూసింది. లోపల ఎర్రగా, తాజాగా ఉంది. మాట్లాడకుండా మొప్ప మూసి, మూతి ముడిచి, చేపని పక్కకి తోసింది. బేరం కోసం! అమ్మేవాడు రేటు తగ్గించలేదు. ఇంకో గుప్పెడు ఐసు చేప మీద వేశాడు, అంతే.

ఆవిడ చీర రంగు నేను చెప్పలేదు, నాకు గుర్తు లేదు కూడా. కానీ చదివినవాళ్ళలో ఎవరో ఒకరు ఈపాటికి ఏదో రంగు కట్టే ఉంటారు. కళ్ళకు కట్టడమంటే కట్టేది వాళ్ళ కళ్ళకి. నువ్వు ఇవ్వాల్సింది ఆ బొటనవేలు ఒక్కటే. అది దొరకడానికి మాత్రం అక్కడ నిలబడాలి.

శనివారం తెల్లవారుజామున నాలుగున్నరకి హార్బర్ గేటు దగ్గరికి రా. నోట్‌బుక్ వద్దు, ఫోన్ జేబులోంచి తీయొద్దు. ఇంటికెళ్ళి పడుకున్నాక నీ చీకట్లో ఏది మిగిలితే దానితో కథ మొదటి పేరా మళ్ళీ రాయి. పాత చెప్పులేసుకో, వేలంపాట దగ్గర ఐసు నీళ్ళు కాళ్ళ కిందకి వచ్చేస్తుంటాయి.

ఇట్లు,
అన్నయ్య