కొరియన్ ఫ్యామిలీ డ్రామాల్లో వినిపించే ‘షీవరల్డ్’ అంటే ఏమిటి?

సూటిగా చెప్పాలంటే, అత్తారిల్లు. కొరియన్‌లో ‘షీ’ అనేది భర్త తరఫు బంధుత్వాలకు ముందు చేరే అక్షరం. అత్తగారు ‘షీఅమొని’, మామగారు ‘షీఅబొజి’, ఆడపడుచు ‘షీనూయి’. దానికి ఇంగ్లిష్ ‘వరల్డ్’ తగిలించి, ‘షీ’తో మొదలయ్యేవాళ్లంతా ఉండే లోకం అని పేరు పెట్టారు.

ఈ మాట బాగా జనంలోకి వెళ్లింది 2012లో కేబీఎస్2లో వచ్చిన ‘మై హస్బెండ్ గాట్ ఎ ఫ్యామిలీ’తో. మొత్తం 58 ఎపిసోడ్లు. అత్తమామల టెన్షన్ వద్దనుకుని హీరోయిన్, అమెరికాలో పెంపకానికి వెళ్లి పెరిగిన డాక్టర్‌ని చేసుకుంటుంది. తీరా చూస్తే వాళ్లు అద్దెకు దిగిన ఇంటి ఓనర్లే అతన్ని చిన్నప్పుడు పోగొట్టుకున్న కన్నవాళ్లు! మామ్మగారు, అత్తామామలు, ముగ్గురు ఆడపడుచులు, అందరూ ఒక్కసారిగా వచ్చిపడతారు.

నాకు బాగా నచ్చింది చిన్న ఆడపడుచు మల్‌సుక్ కథ. భర్త చెల్లెల్ని అక్కడ పేరుపెట్టి పిలవరు, ‘ఆగాశ్శీ’ అనాలి. పూర్వం పెద్దింటి అమ్మాయిల్ని పిలిచిన గౌరవపు పిలుపది. వదినతో అలా పిలిపించుకుంటూ పెత్తనం చేసిన మల్‌సుక్, చివరికి ఆ వదిన తమ్ముడినే ప్రేమిస్తుంది. ఇక అప్పుడు తను ఆడపడుచు కాదు, వదిన పుట్టింటికి కాబోయే కోడలు. ఆ అమ్మాయి గొంతు ఎలా మారిపోతుందో చూసి తీరాలి.

తెలుగువాళ్లకు ఈ సీరియల్ అర్థం కావడానికి సబ్‌టైటిల్స్ సగం చాలు.